చేతి వణుకు, ఎద్దు పరుగు



పోచంపల్లి అనగానే మీలో చాలామందికి ఇక్కత్ చీరలు గుర్తొచ్చి ఉంటాయి. ఆ చీరల ఊరు తెలంగాణలో ఉంది. నేను చెప్పబోయేది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా పోచంపల్లి సంగతి. ఆదివారం సంతకూ మేకల బేరాలకూ మామిడి తోటలకూ పేరున్న ఊరు. ఈమధ్య ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారం పుణ్యమా అని పేపర్లలో కూడా కనబడుతోంది. ఇక్కడి నుంచి బర్గూరు, వేపనపల్లి, హోసూరు, తళి దాకా తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే మండపం, వంటవాళ్లు, ఆ వెంటనే ఫోటోలవాళ్లు. ముహూర్తాల నెలలు దగ్గరపడేకొద్దీ ఇక్కడి స్టూడియోల్లో ఇలాంటి మాటలు వినబడతాయి.

"అన్నా, చేతిలో డబ్బుంది. ఇప్పుడే కొత్త బాడీ తీసుకోమంటావా? మూడు నెలలాగితే ఇంకోటి వస్తుందంట. దాంట్లో ఎనిమిదిన్నర స్టాపుల స్టెబిలైజేషన్ ఉంటుందంట."

"తీసుకుని ఏం తీస్తావురా?"

"పెళ్లిళ్లేనన్నా. సంక్రాంతి పోయాక ఎద్దుల పండుగలకు కూడా పిలుస్తున్నారు."

'వస్తుందంట' అనే మాట ఇప్పుడు టోక్యోలో పుట్టిన నిమిషంలోనే పోచంపల్లి బస్టాండుకు చేరుతోంది. కెమెరా విడుదలయ్యే లోపల దాని బరువెంత, ధరెంత, ఎన్ని స్టాపులు అన్నీ కుర్రాళ్ల నోట్లో ఉంటాయి. కానీ ఆ కుర్రాడు చెప్పిన రెండు పనులున్నాయే, పెళ్లి ఒకటి, ఎద్దు ఒకటి, ఆ రెండింటికీ కెమెరా చేయాల్సిన పని ఒకటి కాదు. స్టెబిలైజేషన్ మొదటిదానికి బాగా సాయపడుతుంది. రెండోదానికి దాదాపు ఏమీ చేయదు. ఈ తేడా మనసుకెక్కితే పుకార్లలో ఏది మనకు పనికొచ్చేదో, ఏది కాదో ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు.

ముందు మిర్రర్‌లెస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది. అది వెలుగును పైకి మళ్లించి మన కంటికి చూపించేది, మీట నొక్కగానే ఎగిరి పక్కకు తప్పుకునేది. ఆ టక్కుమనే చప్పుడు దానిదే. ఆ అద్దాన్ని తీసేసి, సెన్సర్ చూసేదాన్నే తెర మీద మనకు చూపిస్తే అదే మిర్రర్‌లెస్. లెన్సులు మార్చుకోగలిగే అలాంటి కెమెరాను పానసోనిక్ కంపెనీ జీ1 పేరుతో 2008లో తెచ్చింది. కెనాన్, నికాన్ పెద్ద సెన్సర్ల, అంటే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి గట్టిగా దిగింది 2018లో. ఇప్పుడు మన స్టూడియోల్లో డీఎస్ఎల్ఆర్ రెండో కెమెరా అయిపోయింది, లేదా బీరువాలో ఉంది. ఇంతకంటే దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు.

వణుకు సంగతికి వద్దాం. ఎంత గట్టి మనిషి చెయ్యయినా వణుకుతుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, పొద్దుటి నుంచి కెమెరా మోసిన భుజం, అన్నీ కలిసి కెమెరాను కొంచెం కొంచెంగా కదిలిస్తూనే ఉంటాయి. షట్టర్ తెరుచుకున్నంత సేపూ ఆ కదలిక బొమ్మ మీద గీత గీస్తుంది. దానికి పెద్దవాళ్లు ఒక లెక్క చెప్పేవారు. 50 మిల్లీమీటర్ల లెన్సు అయితే సెకనులో 50వ వంతు, 200 మిల్లీమీటర్లయితే 200వ వంతు. షట్టర్ అంతకంటే నెమ్మదిస్తే స్టాండు వేయాల్సిందే.

ఈ వణుకుకు విరుగుడే స్టెబిలైజేషన్. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పోచంపల్లి సంతలో నాటుకోళ్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. కోడిని రెండు చేతులా పట్టుకుని ఒళ్లు అటూ ఇటూ ఊపితే మెడ సాగుతుంది, ముడుచుకుంటుంది, తల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కెమెరాలో సెన్సర్ కూడా ఆ కోడి తలే. కెమెరా బాడీలో గైరో అనే చిన్న చిప్పులు ఉంటాయి, అవి కెమెరా ఎటు ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెడతాయి. సెన్సర్ ఒక పలక మీద ఉంటుంది. ఆ పలకకు తీగచుట్టలు, చుట్టూ అయస్కాంతాలు. చెయ్యి కుడికి కదిలిందని గైరో చెప్పగానే తీగచుట్టలో కరెంటు మారుతుంది, సెన్సర్ అంతే మేరకు జరిగి బొమ్మను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. కొన్ని కెమెరాలను ఆఫ్ చేసి మెల్లగా ఊపితే లోపల లొడలొడమని చప్పుడు వస్తుంది. పాడైందని భయపడనక్కర్లేదు, కరెంటు లేనప్పుడు ఆ పలక వదులుగా వేలాడుతుంటుంది. నికాన్ జెడ్ వరసలో కొన్నిటిలో మాత్రం ఆఫ్ చేయగానే సెన్సర్‌కు తాళం పడుతుంది. మట్టిదారుల్లో బైకు మీద కెమెరా బ్యాగు మోసేవాళ్లకు అది కొంచెం మనశ్శాంతి.

ఇది కొత్త విద్యేమీ కాదు. లెన్సులోనే ఒక గాజు ముక్కను కదిపి వణుకును సరిచేసే పద్ధతిని, మార్చుకోగలిగే ఎస్ఎల్ఆర్ లెన్సులో మొదట కెనాన్ 1995లో తెచ్చింది, 75-300 జూమ్‌తో. గాజును కాక సెన్సర్‌నే కదపాలన్న ఆలోచనను మినోల్టా 2003లో డైమేజ్ ఏ1 కెమెరాలో పెట్టింది. ఆ కంపెనీ కెమెరాల వ్యాపారం 2006లో సోనీ చేతికి వెళ్లింది, దాంతో ఆ విద్య కూడా వెళ్లింది. 2012లో ఒలింపస్ ఈ-ఎం5 అయిదు రకాల కదలికల్ని సరిచేసింది. కెమెరా పైకీ కిందికీ తలవంచడం, కుడి ఎడమలకు తిరగడం, లెన్సు ఇరుసు మీద మెలితిరగడం, ఈ మూడు తిరుగుళ్లు. పైకీ కిందికీ జరగడం, పక్కకు జరగడం, ఈ రెండు జరుగుళ్లు. మెలితిరుగుడును లెన్సులోని గాజు సరిచేయలేదు, సెన్సర్ మాత్రమే చేయగలదు. 2014లో సోనీ ఏ7 రెండో తరంతో ఇది ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి వచ్చింది. కెనాన్ మాత్రం 2018లో ఈఓఎస్ ఆర్ తెచ్చినప్పుడు లెన్సులో ఉంటే చాలు అన్నట్టు ఊరుకుంది. 2020లో ఆర్5, ఆర్6 వచ్చాక గానీ దాని బాడీల్లో ఈ సౌకర్యం రాలేదు.

అయితే లెన్సుది పాత పద్ధతని తీసిపారేయకండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో చెయ్యి అర డిగ్రీ తిరిగితే సెన్సర్ అర మిల్లీమీటరు కూడా జరగక్కర్లేదు. అదే 400 మిల్లీమీటర్ల లెన్సుతో అర డిగ్రీ తిరిగితే మూడున్నర మిల్లీమీటర్లు జరగాలి. అంత చోటు బాడీలో ఎక్కడుంది? అందుకే పక్షుల్ని, ఆటల్ని తీసే పెద్ద లెన్సుల్లో గాజు ముక్క కదలడమే ఇప్పటికీ ముఖ్యం. బాడీ, లెన్సు కలిసి పని పంచుకోవడం ఈ కాలపు పద్ధతి. అట్టపెట్టె మీద కనిపించే పెద్ద అంకెలు చాలాసార్లు ఆ రెండూ కలిసినప్పటివి.

ఇక ఆ స్టాపుల లెక్క. ఒక స్టాపు అంటే షట్టర్ వేగం సగానికి తగ్గించే వీలు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అయిదు స్టాపులు అంటే 50వ వంతు బదులు సెకనులో సగానికి పైగా చేతిలోనే పట్టుకుని తీయొచ్చని. ఎనిమిది స్టాపులు అంటే అయిదు సెకన్లు! అయిదు సెకన్లు కదలకుండా నిలబడే పెళ్లికొడుకు ఎవరున్నారు? ఈ అంకెలు ఎక్కడివి అంటే, జపాన్‌లోని కెమెరా కంపెనీల సంఘం సీపా ఒక పరీక్ష పెట్టింది. మనిషి చెయ్యి ఎలా వణుకుతుందో అలా కదిలే యంత్రం మీద కెమెరాను బిగించి కొలుస్తారు. 2024లో ఆ ప్రమాణాన్ని కొంచెం కఠినం చేశారు, మెలితిరుగుడు కూడా లెక్కలోకి వచ్చింది. అందువల్ల పాత కెమెరా ఎనిమిదినీ కొత్త కెమెరా ఎనిమిదినీ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. అవి ఒకే పరీక్షలో వచ్చిన మార్కులు కావు.

అందులోనే ఇంకో మెలిక ఉంది, దాన్ని ఎవరూ పెద్ద అక్షరాల్లో వేయరు. కెనాన్ ఆర్5 రెండో తరానికి ఎనిమిదిన్నర స్టాపులు అన్నది బొమ్మ మధ్యలో. అంచుల దగ్గర ఏడున్నరే అని కంపెనీయే చెప్పింది. 2025 డిసెంబరులో వచ్చిన సోనీ ఏ7 అయిదో తరానికి మధ్యలో ఏడున్నర, అంచుల్లో ఆరున్నర. మన పెళ్లిళ్లలో వేదిక మీద ముప్పైమంది ఒకేసారి ఎక్కుతారు. వధూవరులు మధ్యలో స్పష్టంగా వచ్చి, కొసన నిలబడ్డ మేనమామ మసకబారితే ఆయన ఊరుకోడు. ఆల్బమ్ వచ్చిన రోజు ఆయన మొదట వెతికేది తన మొహమే. అంచుల మాట తెలిసి నికాన్ వాళ్లు 2023లో జెడ్ఎఫ్ కెమెరాలో ఒక ఉపాయం పెట్టారు. ఫోకస్ ఎక్కడ పెడితే అక్కడి కదలికను ముందు సరిచేస్తుంది, అది బొమ్మ మూలన ఉన్నా సరే. 2025లో వచ్చిన జెడ్5 రెండో తరంలోనూ అది ఉంది. నా దృష్టిలో అంకె పెంచడం కంటే ఇది మేలైన పని. అంకెల్లో అన్నిటినీ మించిపోయింది మాత్రం 2025లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ రెండో తరం, పది స్టాపులంటోంది. దాని ధరకు మన దగ్గర ఒక పెళ్లి కాదు, పెళ్లితో పాటు సీమంతం కూడా అయిపోతుంది.

ఈ అంకెలకు హద్దు ఎక్కడ? 2016లో ఒలింపస్ ఇంజనీర్లు ఒక విచిత్రమైన జవాబు చెప్పారు. ఆరున్నర స్టాపులు దాటనివ్వకుండా అడ్డుపడుతున్నది భూమి తిరగడమేనన్నారు! వినడానికి నవ్వొస్తుంది గానీ లెక్క సరిగ్గానే ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కెమెరాలోని గైరో ఆ తిరుగుడును కూడా పసిగడుతుంది. అది చేతి వణుకో, భూమి తిరుగుడో దానికేం తెలుసు? వణుకనుకుని సెన్సర్‌ను ఎదురు జరుపుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో సెకనుకు మూడున్నర మైక్రాన్లు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు ఆరు మైక్రాన్లు ఉంటుంది. ఒక సెకనుకు ఏమీ తెలియదు, అయిదు సెకన్లు తెరిచి ఉంచితే మూడు పిక్సెళ్ల మసక. తర్వాతి సంవత్సరాల్లో కంపెనీలు ఈ హద్దును లెక్కలతో, మెరుగైన గైరోలతో దాటాయి. అందుకే ఇప్పుడు ఎనిమిది, ఎనిమిదిన్నర అనగలుగుతున్నారు.

భూమి తిరుగుడుతో పనిపడ్డవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. పోచంపల్లికి తూర్పు దిక్కున, జవ్వాదు కొండల్లో కావలూరు ఉంది. అక్కడి ఖగోళ కేంద్రంలో 2.34 మీటర్ల అద్దమున్న దూరదర్శినిని 1986లో ప్రారంభించి ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు పేరు పెట్టారు. బప్పు గారు హైదరాబాదులో పెరిగినవారు, నిజాం కాలేజీలో చదివారు, వాళ్ల నాన్నగారు అక్కడి నిజామియా వేధశాలలో పనిచేశారు. హార్వర్డులో విద్యార్థిగా ఉండగానే 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకరు. కావలూరు దూరదర్శిని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. భూమి అటు తిరిగితే అది ఇటు తిరిగి నక్షత్రాన్ని కదలనివ్వదు. అన్ని టన్నుల ఇనుము చేసే పనిని చేతిలో పట్టే పరికరంతో చేయించింది పెంటాక్స్ కంపెనీ. 2011లో కెమెరా నెత్తిన తగిలించే ఒక జీపీఎస్ పరికరం తెచ్చింది. మనం ఎక్కడున్నామో, కెమెరా ఎటు చూస్తోందో దానికి తెలుస్తుంది. వణుకును సరిచేసే ఆ సెన్సర్‌నే నక్షత్రాల వెంట మెల్లగా జరుపుతుంది. స్టాండు మీద పెడితే చుక్కలు గీతలు కాకుండా చుక్కల్లాగే వస్తాయి. ఒక పనికి పెట్టిన యంత్రాన్ని ఇంకో పనికి వాడుకోవడమంటే నాకు ఎప్పుడూ ముచ్చటే. ఇదే పెంటాక్స్ 2013లో కే-3లో ఆ సెన్సర్‌ను కావాలని ఇసుమంత వణికించింది. సన్నని నేత ఉన్న బట్టను తీస్తే ఫోటోలో లేని రంగుల అలలు పుట్టుకొస్తాయే, ఆ అలల్ని చెరపడానికి. చీరల పోచంపల్లికి కూడా పనికొచ్చే కబురు ఇది.

సరే, నేల మీదికి వద్దాం. స్టెబిలైజేషన్ సరిచేసేది మీ చెయ్యి కదలికనే. ఎదుటివాళ్ల కదలికను కాదు. నా మాటల్లో ఇదొక్కటి గుర్తున్నా చాలు.

కార్తీకమాసంలో హోసూరు చంద్రచూడేశ్వరుడి కొండ మీద దీపాలు పెడతారు. ప్రమిద కదలదు. అక్కడ స్టెబిలైజేషన్ ఉన్న బాడీ చేతిలో ఉంటే సెకనులో నాలుగో వంతుకు కూడా తీయొచ్చు. వెలుగు సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, పెంచక్కర్లేదు, ఫ్లాష్ కొట్టి ఆ పసుపు వెలుగును చంపక్కర్లేదు. దక్షిణ పినాకిని మీద కృష్ణగిరి డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు చూడండి. సెకనులో సగం తెరిచి ఉంచితే కట్ట రాళ్లు రాళ్లలాగే ఉంటాయి, నీళ్లు మాత్రం తెల్లటి మంచులాగా వస్తాయి. ఇదివరకు దీనికి స్టాండు మోసుకుపోవాలి, కావలివాళ్లతో స్టాండు ఎందుకు తెచ్చావని మాట పడాలి. ఇప్పుడు ఆ గొడవ లేదు.

సంక్రాంతి తర్వాత మన ఊళ్లలో జరిగే ఎద్దుల పండుగ వేరు. తమిళంలో ఎరుదు విడుం విళా అంటారు. రెండువైపులా కొయ్యలు కట్టిన వీధిలో ఎద్దును ఒక కొస నుంచి వదులుతారు. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, వెనక ఊరి కుర్రకారు కేకలు. అది మీ ముందు నుంచి పోయేది రెప్పపాటు. అక్కడ సెకనులో వెయ్యో వంతు షట్టర్ పెట్టాలి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. అంత వేగంలో చేతి వణుకు లెక్కలోకే రాదు. ఎనిమిదిన్నర స్టాపుల బాడీ, స్టెబిలైజేషనే లేని బాడీ అక్కడ ఒకటే. అక్కడ కావలసింది ఎద్దు కంటిని వదలకుండా పట్టుకునే ఫోకస్సు, సెన్సర్ గబగబా చదివే వేగం. నెమ్మదిగా చదివే సెన్సర్‌తో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఎద్దు కాళ్లు వంకర పోతాయి. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 మూడో తరం సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది, ఆ వంకర దాంట్లో రాదు. అది అందరూ కొనే కెమెరా కాదు. మన స్థాయిలో మామూలు మెకానికల్ షట్టర్‌కు మారితే పని జరిగిపోతుంది, ఖర్చు సున్నా. ఎద్దుతో పాటు కెమెరాను తిప్పుతూ తీసేవాళ్లు మాత్రం లెన్సు మీద రెండో మోడ్ ఉంటే అందులో పెట్టండి, అది పక్కకు తిప్పడాన్ని వణుకుగా లెక్కవేయదు. అన్నట్టు, కొయ్యల లోపలికి దిగి తీయకండి. ఏ లెన్సూ ఆ ఎద్దును ఆపలేదు.

పెళ్లిలో ఈ రెండూ కలిసి వస్తాయి, కష్టం అక్కడే. తెల్లవారుజామున తాళి కట్టే వేళ మండపంలో వెలుగు తక్కువ, పెళ్లికొడుకు వేళ్లు మూడు ముళ్ల కోసం ఆగకుండా ఆడుతుంటాయి. స్టెబిలైజేషన్ ఉంది కదా అని 20వ వంతుకు తీసేస్తే వెనక తోరణం, వేదిక పలక అన్నీ గీసినట్టు వస్తాయి, ముడి వేసే వేళ్లు మాత్రం పొగలా వస్తాయి. వేళ్లే కదా కావలసింది! అక్కడ 160వ వంతు అయినా పెట్టాలి. వెలుగు చాలకపోతే ఎఫ్ 1.8 లెన్సు తెరవాలి, ఐఎస్ఓ పెంచాలి. కొత్త బాడీకి పెట్టే డబ్బులో కొంత ఆ లెన్సుకు పెట్టినవాడు తెలివైనవాడని నేనంటాను.

వీడియోలో మాత్రం స్టెబిలైజేషన్ విలువ ఇంకో మెట్టు పైన ఉంటుంది. మన తెలుగువాళ్లకు కదిలే కెమెరా నిలకడ మీద మోజు పెరగడానికి సినిమా ఒక కారణం. అమెరికాలో గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీక్యామ్ 1970ల నడుమ సినిమాల్లోకి వచ్చింది. 1989లో వచ్చిన 'శివ'లో రామ్‌గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి దాన్ని వాడారు. పరిగెత్తే మనుషుల వెంట కెమెరా కుదుపు లేకుండా పరిగెత్తడం చూసి జనం కొత్తగా ఫీలయ్యారు. అప్పట్లో అది బరువైన జీను కట్టుకుని చేసే పని. ఇప్పుడు కెమెరాను కుదుపు లేకుండా పట్టే చిన్న గింబల్‌తో పెళ్లి ఊరేగింపు ముందు వెనక్కు నడుస్తూ ఎవరైనా తీస్తున్నారు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే గింబల్ వద్దా అని అడుగుతారు. నిలబడి తీసేటప్పుడు వద్దు. నడిచేటప్పుడు కావాలి. అడుగు వేసినప్పుడు ఒళ్లంతా లేచి పడుతుంది, సెన్సర్‌కు ఉన్న కొద్దిపాటి చోటు దానికి చాలదు. పైగా బాగా వెడల్పాటి లెన్సుతో నడుస్తూ తీస్తే కొన్ని బాడీల్లో బొమ్మ మూలలు జెల్లీలా ఊగుతాయి. కెమెరాలో యాక్టివ్ అనో డిజిటల్ అనో ఇంకో మోడ్ ఉంటుంది, అది బొమ్మ అంచులు కత్తిరించి ఆ కుదుపును దాస్తుంది. కత్తిరింపు పోగా మీ వెడల్పు లెన్సు అంత వెడల్పు ఉండదని ముందే లెక్కవేసుకోండి. షట్టర్ మాత్రం 50వ వంతు, లేకపోతే 100వ వంతు. మన కరెంటు 50 సైకిళ్లది. వేరే అంకె పెడితే మండపంలో ఎల్ఈడీ దీపాలు వీడియోలో చారలు కొడతాయి.

చేతిలో కెమెరా లేనివాళ్లకూ ఈ విద్య చేరింది. ఐఫోన్‌లో లెన్సు కదిలే పద్ధతి 2014లో 6 ప్లస్‌తో, సెన్సరే కదిలే పద్ధతి 2020లో 12 ప్రో మ్యాక్స్‌తో వచ్చాయి. హోసూరు పక్కన టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఐఫోన్ విడిభాగాలు తయారవుతాయి, పనిచేసే ఆడపిల్లల్లో మన తెలుగు ఊళ్లవాళ్లూ ఉన్నారు. ఆ హోసూరులోనే టీవీఎస్ బైకులు తయారవుతాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబరులో చెప్పింది. శక్తిమంతమైన బైకు ఇంజన్ అదురు హ్యాండిల్ బార్ గుండా ఫోనుకు తగిలితే, ఆ సన్నని స్టెబిలైజేషన్ యంత్రాంగం క్రమంగా దెబ్బతినొచ్చట. చిన్న ఇంజన్ల బళ్లు, విద్యుత్ స్కూటర్లయితే అదురు తక్కువ, అయినా అదురు తగ్గించే మౌంట్ వాడమంది. దారి చూసుకోవడానికి హ్యాండిల్‌కు ఫోను బిగించుకుని డెలివరీలకు తిరిగే తమ్ముళ్లు ఈ మాట చెవిన వేసుకోండి. పోచంపల్లి స్కూటరుకు ఒక మార్కు ఎక్కువ వేసుకోవచ్చు.

ఇప్పుడు పుకార్ల సంగతి. ఈమధ్య అంతా నికాన్ జెడ్9కు రెండో తరం, కెనాన్ ఆర్7కు రెండో తరం అనే మాటలు వింటూనే ఉన్నాం. పుకార్లన్నీ ఒక్క తీరువి కావు. కొత్త కెమెరాలో వైఫై, బ్లూటూత్ ఉంటాయి గనక అమ్మేముందు ఆయా దేశాల్లో వైర్‌లెస్ అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో కొత్త కోడ్ నంబరు కనిపించిందంటే కెమెరా నిజంగానే వస్తోందని అర్థం. పేటెంటు కనిపించిందంటే మాత్రం దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. కంపెనీలు పేటెంట్లు కుప్పలుగా వేస్తాయి, వాటిలో చాలావాటి మొహం మనం ఎప్పటికీ చూడం. ఏటా ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో యోకొహామాలో సీపీప్లస్ ప్రదర్శన జరుగుతుంది. దానికి ముందు నెలలో గాలి కబుర్లు ముసురుకుంటాయి.

నిజమైన పుకారు కూడా మనకు కావలసింది చెప్పకపోవచ్చు. కెనాన్ ఆర్5 వస్తుందని, 8కే వీడియో తీస్తుందని పుకారు వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. 2020 ఫిబ్రవరిలో కంపెనీయే నిజమంది, జూలైలో కెమెరా వచ్చింది. 8కే ఉంది, ఎనిమిది స్టాపులున్నాయి. కానీ 8కే వీడియో కొద్దిసేపు తీయగానే వేడెక్కి ఆగిపోయేది. ఏ పుకారూ ఆ ముక్క చెప్పలేదు. కొన్ని వారాలకు ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్, మార్చి కొంత సర్దారు. చైత్రమాసం ఎండలో పోచంపల్లిలో పెళ్లి తీసేవాడికి, ఎన్ని స్టాపులు అన్నదాని కంటే ఎంతసేపట్లో వేడెక్కుతుంది అన్నదే పెద్ద ప్రశ్న. ఆ జవాబు కెమెరా అమ్మకానికి వచ్చి, జనం వాడి, తిట్టుకున్నాక తెలుస్తుంది. అందుకే విడుదలైన రోజే కొనడం నాకు నచ్చదు. ఇంకోవైపు, ఫర్మ్‌వేర్ మంచి కూడా చేస్తుంది. 2021లో వచ్చిన జెడ్9కు ఆ తర్వాత వచ్చిన ఫర్మ్‌వేర్లతో కొత్త వీడియో సౌకర్యాలెన్నో చేరాయి, కొన్నవాళ్లు పైసా కట్టక్కర్లేకుండా.

మరి ఆ కుర్రాడికి ఏమని చెప్పాలి? పెళ్లి బయానాలు చేతిలో ఉంటే ఆగొద్దు. ఆగిన మూడు నెలల్లో పోయే ముహూర్తాల సంపాదన, కొత్త బాడీలో పెరిగే ఒక్క స్టాపు కంటే ఎక్కువ. చేతిలో పని లేకపోతే ఆగు, కొత్తది రాగానే పాతదాని ధర దిగుతుంది, ఆ పాతదాన్ని కొను. కొనేముందు పేరు చూసి మోసపోకు. సోనీ జెడ్‌వీ-ఈ10, కెనాన్ ఆర్50, ఆర్10, నికాన్ జెడ్30, జెడ్50 రెండో తరం, ఇవి మంచి కెమెరాలే గానీ వీటి బాడీలో సెన్సర్ కదిలే స్టెబిలైజేషన్ లేదు. వీటితో లెన్సులో ఆ సౌకర్యం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. సోనీ ఏ6700, కెనాన్ ఆర్7, నికాన్ జెడ్5 రెండో తరం బాడీల్లో ఉంది. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే స్టెబిలైజేషన్ ఆన్ చేసి కొంచెం జూమ్ చేసి తెర చూడు, బొమ్మ దానంతటదే తుళ్లిపడుతుంటే ఆ కెమెరాను అక్కడే వదిలెయ్. బిల్లు, కంపెనీ వారంటీ లేని సరుకు ఎంత చౌకైనా వద్దు.

కెమెరా ఇప్పటికే ఉన్నవాళ్లకు రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. పాతకాలపు మాన్యువల్ లెన్సులు తగిలించి వాడేవాళ్లు మెనూలోకి వెళ్లి ఆ లెన్సు ఫోకల్ లెంగ్త్ తప్పక నమోదు చేయండి. 50 అని ఉండగా 135 తగిలిస్తే సెన్సర్ ఎంత జరగాలో కెమెరాకు తెలియదు, వణుకు తగ్గదు. గట్టి స్టాండు మీద పెట్టి రాత్రిపూట ఎక్కువసేపు తెరిచి తీసేటప్పుడు స్టెబిలైజేషన్ ఆఫ్ చేయండి. ఫర్మ్‌వేర్‌ను కంపెనీ సొంత చోటు నుంచే దించుకోండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే వేయండి, పెళ్లి ముందురోజు రాత్రి మాత్రం వేయకండి.